రెండు సీట్ల గాలిమోటారు నుంచి ఆకాశ టపా దాకా

కోఠికి అయిదారు మైళ్ల దూరంలో ఉన్న బేగంపేటలో విమానం దిగడం ఒకప్పుడు జనానికి పెద్ద వింత. ఆ రోజుల్లో మన వైపు విమానాలు రావడానికి కారకులైనవారిలో జె.ఆర్.డి. టాటా ఒకరు. ఉప్పు, ఇనుము, లారీల వల్ల టాటా పేరు పల్లెల్లో అందరికీ తెలిసిందే. అయితే ఈయనకు ప్రాణమల్లా గాలిమోటారే.

1904 జులై 29న పారిస్‌లో పుట్టారు. తల్లి ఫ్రెంచి వనిత. వేసవి సెలవుల్లో వారు గడిపే సముద్రతీర గ్రామంలోనే, ఇంగ్లీషు చానెల్‌ను విమానంలో మొదట దాటిన బ్లేరియో కుటుంబానికీ ఇల్లుండేది. అక్కడే పదిహేనో ఏట తొలిసారి విమానమెక్కారు. పదేళ్లు ఆగి, 1929 ఫిబ్రవరి 10న బొంబాయిలో పైలట్ లైసెన్సు అందుకున్నారు. దేశంలో ఇచ్చిన మొదటి లైసెన్సు అదే.

ఆయన నడిపింది జిప్సీ మాత్ అనే చిన్న విమానం. ఒకరి వెనుక ఒకరు కూర్చునే రెండు సీట్లు, పైన కప్పు లేదు. చట్రం కర్రది, రెక్కలకు గుడ్డ. ఇంజను సుమారు నూరు గుర్రాల శక్తి గలది. రెక్కలు వెనక్కి మడిచి మామూలు కొట్టంలో పెట్టుకోవచ్చు. రేడియో లేదు. రైలు పట్టాలు, నదులు చూసుకుంటూ పోవలసిందే. దారిలో ఇంజను మొరాయిస్తే ఏ చదును నేలో వెతుక్కుని దించాలి.

ఆగాఖాన్ 500 పౌన్ల బహుమతి ప్రకటించారు. ఇంగ్లండు, ఇండియాల మధ్య ఒంటరిగా, గడువులోగా ఎగిరిన మొదటి భారతీయుడికి ఆ సొమ్ము. మన్మోహన్ సింగ్ గడువు దాటిపోయి నష్టపోయారు. టాటా కరాచీ నుంచి బయలుదేరారు. ఎదురు దిశలో వస్తున్న ఆస్పీ ఇంజనీర్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్లయినా నిండలేదు. ఈజిప్టులోని అబూకీర్‌లో స్పార్క్ ప్లగ్గులు లేక ఆ కుర్రవాడు చిక్కుపడి ఉన్నాడు. టాటా తన దగ్గరున్న విడి ప్లగ్గులు తీసి ఇచ్చారు. కుర్రవాడు బదులుగా తన ఈత జాకెట్టు ఇచ్చాడు. చివరకు కొద్ది తేడాతో పందెం గెలిచింది ఆస్పీయే! ప్లగ్గులు ఇవ్వకుంటే ఫలితం ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. ఆ ఆస్పీ తర్వాత 1960లో మన వైమానిక దళాధిపతి అయ్యారు.

పందెం పోయినా ఎగరడం మానలేదు. 1932 అక్టోబరు 15న పుస్ మాత్ విమానంలో టపా మూటలతో కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి జుహూలో దిగారు. అహమ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు వచ్చింది ఎద్దుబండి మీద! బొంబాయి నుంచి ఆ టపాను భాగస్వామి నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు. సీమ వాసులకు ఎరుకైన బళ్లారి అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే. తరువాత ఆ దారి హైదరాబాదు మీదుగా మారింది. వానాకాలంలో జుహూ మైదానం నీట మునిగేది; అయినా టపా ఆగరాదన్నది ఆయన పట్టుదల.

1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించారు. 1953లో జాతీయం చేయడంతో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. ఎయిర్ ఇండియాకు మాత్రం 1978 దాకా ఆయనే అధ్యక్షులు. ఆ ఏడు ప్రభుత్వం తప్పించింది. 1992లో భారతరత్న ఇచ్చారు. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు.

తొలి టపాకు యాభై ఏళ్లు నిండిన 1982 అక్టోబరు 15న, తన డెబ్బై ఎనిమిదో ఏట, లెపర్డ్ మాత్ అనే పాత చిన్న విమానాన్ని కరాచీ నుంచి తానే నడుపుకుంటూ వచ్చి మళ్లీ జుహూలోనే దిగారు.