కలంగల్ కుర్రాడు, మా కారు బెల్టు

మొన్న సంక్రాంతి సెలవుల్లో తాడేపల్లిగూడెంలో మా ఇంటి ముందే మా పాత మారుతి 800కి టైమింగ్ బెల్టు మార్చాం. మార్చాం అంటున్నాను గానీ మార్చింది మా బాబాయ్. నేను స్పానర్లు అందించాను, టార్చి పట్టుకున్నాను, మధ్యలో ఒక తప్పు కూడా చేశాను. ఆ రెండు రోజుల్లో నాకు ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది. పేరు జి.డి.నాయుడు. ఈ సంచికకి ఆయన గురించే రాస్తున్నాను, మధ్యమధ్యలో మా కారు వస్తే ఏమీ అనుకోకండి.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నాన్న చేపల చెరువులకి మేత, మందులు సప్లై చేస్తారు. రోజూ ఆకివీడు, కైకలూరు, ఒక్కోసారి ఏలూరు. కొల్లేటి గట్ల మీద ఆ కారు తిరిగినంత మా వీధిలో ఎవరి కారూ తిరగలేదు. బెల్టు మార్చాల్సిన కిలోమీటర్లు ఎప్పుడో దాటిపోయాయి. షెడ్డుకి ఇవ్వబోతుంటే నేనే అడ్డుపడ్డాను. మెకానికల్ మూడో సంవత్సరం కదా, ఆ మాత్రం ఇంట్లో చేసుకోలేమా అన్నాను. నాన్న ఒకటే షరతు పెట్టారు: సోమవారం తెల్లవారుజామున ఒక చెరువులో పట్టుబడి ఉంది, నాలుగింటికల్లా కారు స్టార్ట్ అవ్వాలి. అవ్వకపోతే ఆ రైతు దగ్గర మా బాకీ వసూలు ఇంకో ఆరు నెలలు వెనక్కి పోతుంది.

బాబాయ్ చెరువుల మీద ఏరేటర్లు, ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తాడు. చదివింది ఏడో తరగతి. శనివారం పొద్దున్నే వచ్చి, బ్యాటరీ టెర్మినల్ పీకి, కారుని జాకీ మీద లేపి, కింద గట్టి దిమ్మలు పెట్టి, ముందు చక్రం తీశాడు. ఇంజన్ కనిపించగానే నన్ను టెన్షనర్ ఎక్కడుందో చూపించమన్నాడు. వాల్వ్ టైమింగ్ డయాగ్రమ్ నేను కళ్లు మూసుకుని గీస్తాను. టెన్షనర్ మాత్రం చూపించలేకపోయాను. ఆయన నవ్వలేదు. మా పెరట్లో నీళ్ల మోటారు దగ్గరికి తీసుకెళ్లి, దాని ప్లేటు మీద ఊరు పేరు చదవమన్నాడు. కోయంబత్తూరు అని ఉంది. అక్కడ మోటార్ల పని మొదలుపెట్టిన వాళ్లలో ఒకాయన మూడో తరగతి దాటలేదని, ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబమని చెప్పాడు. ఆ రాత్రి కూర్చుని ఆయన గురించి దొరికిందల్లా చదివాను.

పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. కొన్ని వందల ఏళ్ల క్రితం తమిళ దేశంలో స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాల్లో వాళ్లదొకటి. బడి అంటే పడేది కాదు. మూడో తరగతి దగ్గరే చదువు ఆగిపోయింది. పొలం పనుల్లో పడ్డారు.

ఆ రోజుల్లో ఒక ఇంగ్లీషు రెవెన్యూ అధికారి రడ్జ్ మోటార్ సైకిల్ మీద ఆ పల్లెవైపు వచ్చాడు. ఎద్దూ గుర్రమూ లేకుండా నడిచే బండిని కుర్రాడు చూశాడు. చూసినవాళ్లు ఊళ్లో ఇంకా చాలామందే ఉండుంటారు. ఈయన మాత్రం ఇల్లు వదిలి కోయంబత్తూరు వెళ్లి, ఒక హోటల్లో సర్వరుగా చేరాడు. ప్లేట్లు మోసి, కొన్నేళ్లపాటు పైసా పైసా దాచి, చివరికి అలాంటి బండినే కొన్నాడు. ధర మూడు వందల రూపాయలని చెబుతారు.

అంత కష్టపడి కొన్న బండి ఎవరైనా ఏం చేస్తారు? ఊరంతా తిప్పుతారు. ఈయన ముక్కలు ముక్కలుగా విప్పేశాడు. మళ్లీ బిగించాడు. నేర్పేవాళ్లు లేరు. బిగించాక నడవకపోతే ఇన్నేళ్ల జీతం ఇనప ముక్కల పాలు. ఆదివారం మా కారు ముందు కూర్చున్నప్పుడు నాకు ఆ భయం కొద్దిగా అర్థమైంది. మాకు ఫోన్‌లో వీడియోలున్నాయి, పక్కన బాబాయ్ ఉన్నాడు, ఏలూరులో కొన్న కొత్త బెల్టు చేతిలో ఉంది. అయినా నా చేతులు వణికాయి.

ఎందుకు వణకాలో వేరే బ్రాంచీల వాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంజన్లో పిస్టన్లు పైకీ కిందకీ ఆడుతూ కింద క్రాంక్ షాఫ్ట్‌ని తిప్పుతాయి. పైన క్యామ్ షాఫ్ట్ వాల్వులని తెరిచి మూస్తుంది. ఈ రెండూ లెక్క తప్పకుండా తిరగడానికి మధ్యలో పళ్లున్న రబ్బరు బెల్టు ఉంటుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు. బెల్టు ఒక పన్ను పక్కకి పడితే వాల్వు తెరుచుకోవాల్సిన టైముకి తెరుచుకోదు, బండికి ఊపు పోతుంది. తెగిపోతే బండి ఉన్నచోటే ఆగిపోతుంది. కొన్ని రకాల ఇంజన్లలో పిస్టన్ పైకొచ్చి వాల్వుని గుద్దుతుంది, ఇక ఖర్చు బెల్టుతో ఆగదు.

అందుకే పాతది తీసేముందే పుల్లీల మీది గుర్తులు ఇంజన్ మీది గుర్తులకి ఎదురుగా తెచ్చుకోవాలి. బాబాయ్ నా కరెక్షన్ పెన్ అడిగి వాటిమీద తెల్లగా గీశాడు. బెల్టు తీస్తే లోపలివైపు సన్నటి పగుళ్లు. ఇంకెన్నాళ్లు లాగేదో తెలీదు. ఆ బెల్టు మీదే నాన్న రోజూ కొల్లేటి గట్ల మీద తిరుగుతున్నారు.

నాయుడు గారి దగ్గరికి వస్తాను. బండి విప్పి బిగించినవాడు వెంటనే గొప్పవాడైపోలేదు. తిరుప్పూరులో పత్తి వ్యాపారం పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బాగా సంపాదించారు. ఇంకా సంపాదిద్దామని బొంబాయి వెళ్లి, అక్కడి పత్తి వ్యాపారంలో మొత్తం పోగొట్టుకున్నారు. తిరిగొచ్చి మళ్లీ ఉద్యోగం వెతుక్కునే పరిస్థితి. అప్పుడు ఆదుకున్నది రాబర్ట్ స్టేన్స్ అనే కోయంబత్తూరు ఇంగ్లీషు వ్యాపారి. ఆయనిచ్చిన అప్పుతో 1920లో ఒక్క బస్సు కొన్నారు. పొల్లాచ్చి నుంచి పళనికి తనే డ్రైవరుగా నడిపారు. పళని అంటే సుబ్రహ్మణ్యస్వామి కొండ, ఏడాది పొడవునా జనం ఉండే దారి.

ఆ ఒక్క బస్సు కొన్నేళ్లలో యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. యు.ఎం.ఎస్. అంటే దేశంలో పద్ధతిగా నడిచే బస్సు కంపెనీల్లో ఒకటని పేరొచ్చింది. బస్సులు నడవాలంటే రిపేర్లు రావాలి, రిపేర్లకి వర్క్‌షాప్ కావాలి, వర్క్‌షాప్ ఉంటే కొత్త వస్తువులు చేయొచ్చు. ఆయన దారి ఇలాగే సాగినట్టు నాకనిపిస్తుంది. చిన్న మోటారు పెట్టి, టార్చిలో వేసే లాంటి బ్యాటరీలతో నడిచే షేవింగ్ రేజర్ చేశారు, దాని పేరు రసాంత్. పల్చటి బ్లేడ్లు, పళ్లరసం తీసే మిషను, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, దొంగ ఓట్లకి వీలులేని ఓటింగు మిషను, ఇలా ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేని జాబితా అది. 1937లో పీలమేడులోని ఆయన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుంచి ఒక ఎలక్ట్రిక్ మోటారు బయటికొచ్చింది. మన దేశంలో తయారైన మొదటి మోటారు అదేనని చెప్పుకుంటారు. దాని వెనక డి.బాలసుందరం నాయుడు అనే ఇంకో ఇంజనీరు చెయ్యి కూడా ఉంది. తర్వాత కోయంబత్తూరు మోటార్లకీ పంపులకీ పెట్టింది పేరైంది. ఆ నీళ్లే ఇప్పుడు మా పెరట్లోనూ పడుతున్నాయన్నమాట.

ఇక మనందరికీ కాస్త గుచ్చుకునే భాగం. 1945లో కోయంబత్తూరులో నాయుడు గారి చొరవతో ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. ఇప్పుడది గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. దానికి ప్రిన్సిపాల్ మూడో తరగతి చదివిన నాయుడు గారే! ఆయన వాదన ఏమిటంటే, ఇంజనీరు కావడానికి నాలుగేళ్లు అక్కర్లేదు, సరిగ్గా నేర్పితే రెండేళ్లు చాలు, మిగతాది టైము వృథా. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశారు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మూడేళ్లు పూర్తికావస్తున్నాయి, టెన్షనర్ చూపించలేకపోయాను. ఆయన చెప్పిందే నిజమేమో అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం నా తప్పు జరిగింది. కొత్త బెల్టు ఎక్కించే పని బాబాయ్ నాకిచ్చాడు. పాత బెల్టు తీసినప్పుడు వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి పై పుల్లీ కొంచెం కదిలింది, అది నేను పట్టించుకోలేదు. బెల్టు వేసి, టెన్షనర్ బిగించి, అయిపోయిందన్నాను. కవరు కూడా తెచ్చుకున్నాను. బాబాయ్ వద్దని, స్పానర్‌తో క్రాంక్‌ని చేత్తోనే రెండు చుట్లు తిప్పమన్నాడు. తిప్పాను. కింది గుర్తు కలిసింది. పైది ఒక పన్ను పక్కకి ఉంది.

ఆ టైములో నాకు కోపం వచ్చింది. ఒక్క పన్నే కదా, స్టార్ట్ అవుతుందేమో చూద్దామన్నాను. బాబాయ్ ఏమీ అనకుండా టెన్షనర్ వదులు చేశాడు. రెండు చుట్లే ఎందుకు, ఒక్క చుట్టు తిప్పి చూస్తే చాలదా అని అప్పుడు ఆయన్నే అడిగాను. తనకి నేర్పినాయన అలా చెప్పాడు కాబట్టి చేస్తున్నానని, కారణం తెలీదని అన్నాడు. అడిగానే గానీ, జవాబు నా దగ్గరే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. క్రాంక్ ఒక్క చుట్టు తిరిగితే క్యామ్ సగమే తిరుగుతుంది, కింది గుర్తు కలిసినా పై గుర్తు అటువైపు ఉంటుంది. నాలుగు స్ట్రోకులు పూర్తయితేనే రెండూ మళ్లీ మొదటి చోటికి వస్తాయి. కరెక్షన్ పెన్‌తో సిమెంటు గచ్చు మీద గీసి చూపించాను. బాబాయ్ చాలాసేపు చూశాడు. ముప్పై ఏళ్ల నుంచి చేస్తున్న పనికి లెక్క ఇప్పుడు తెలిసిందన్నాడు.

అందుకని నాయుడు గారితో నేను సగమే ఒప్పుకుంటాను. మూడో ఏడు వరకూ ఒక్క ఇంజన్ కవరు కూడా విప్పని చదువు గురించి ఆయన కోపం న్యాయమైనదే. కానీ ఆ గచ్చు మీద గీత గీయడానికి కూడా ఎక్కడో కొంత టైము పట్టింది. ఆ టైము వృథా అని నేననలేను.

ఆయన జీవితంలో నన్ను బాగా బాధపెట్టింది 1952. ఆ ఏడాది ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారుచేశారు. ధర రెండు వేల రూపాయలే. మా మారుతి లాంటి కార్లు మామూలు ఇళ్లకి రావడానికి ఇంకా మూడు దశాబ్దాల ముందు. దాన్ని పెద్ద ఎత్తున తయారుచేయడానికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. అంతటితో ఆగిపోయింది. సొంత బండిని విప్పడానికి ఆయనకి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. అనుమతి కావాల్సిన చోట రెండుసార్లు ఆగిపోయారు, ఒకటి కాలేజీ దగ్గర, ఇంకోటి కారు దగ్గర.

ఊరికే కూర్చునే మనిషి మాత్రం కాదు. పత్తి, బొప్పాయి మొక్కల మీద ప్రయోగాలు చేశారు. దేశాలు తిరిగారు, కెమెరా పట్టుకుని ఫోటోలు తీశారు. ఇండియా ఎడిసన్ అని పేరొచ్చింది. 1974 జనవరి 4న పోయారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరు మీద ప్రదర్శనశాల ఉంది, పాత కార్ల మ్యూజియం కూడా ఉంది. ఎవరైనా టూర్ ప్లాన్ చేస్తే నేను రెడీ.

ఆదివారం చీకటి పడ్డాక రెండోసారి బెల్టు వేశాం. రెండు చుట్లు తిప్పాం. గుర్తులు రెండూ కలిశాయి. నమ్మకం చాలక నేను ఇంకో రెండు చుట్లు తిప్పాను. తాళం తిప్పితే మొదటిసారికే స్టార్ట్ అయింది. లోపల అమ్మ టీవీ సౌండ్ తగ్గించి మరీ విన్నది.

సోమవారం మూడున్నరకి నాన్నతో పాటు నేనూ బయల్దేరాను. ఆకివీడు దాటాక గట్టు మీద మంచు, రెండువైపులా చెరువులు, అక్కడక్కడా ఏరేటర్ల చప్పుడు. నేను దారంతా ఇంజన్ శబ్దమే వింటూ కూర్చున్నాను. నాన్న ఏమీ మాట్లాడలేదు. చెరువు దగ్గర దిగాక తాళాలు నా చేతికిచ్చి, తిరుగు ప్రయాణంలో నన్నే నడపమన్నారు.

పాత బెల్టు ఇప్పుడు హాస్టల్లో నా టేబుల్ మీద ఉంది. చూడాలనుకున్నవాళ్లు రూముకి రండి. పగుళ్లు చూపిస్తాను, టెన్షనర్ ఎక్కడుంటుందో కూడా చెబుతాను.