బల్ల దగ్గర చోటు దొరకని కెప్లర్

కాపరి కావాలని బయలుదేరి ఖగోళ శాస్త్రి అయిన విశ్వాసి యోహానెస్ కెప్లర్. 1571 డిసెంబర్ 27న జర్మనీలో ఒక బీద లూథరన్ కుటుంబంలో పుట్టాడు. చిన్ననాడే మశూచి సోకి చూపు మందగించింది. అయినా 1577లో తోకచుక్క వచ్చినప్పుడు తల్లి కాతరీన వేలు పట్టుకుని మెట్ట మీదికి తీసుకెళ్లి చూపించిందట. ట్యూబింగెన్‌లో వేదాంతం చదువుతుండగా, చదువు ముగియకముందే 1594లో గ్రాట్స్ పట్టణానికి గణితం చెప్పడానికి పంపారు. దైవసేవకు దూరమయ్యానని మొదట బాధపడ్డాడు. తరువాత, ఆకాశాన్ని చదవడం కూడా సృష్టికర్తను మహిమపరచడమేనని తెలుసుకున్నాడు.

1600లో లూథరన్లను ఆ పట్టణం నుంచి వెళ్లగొట్టగా ప్రాగ్ చేరి టైకో బ్రాహే వద్ద పనికి కుదిరాడు. మరుసటి ఏడే టైకో చనిపోయాడు. ఆయన ఏళ్ల తరబడి రాసిపెట్టిన అంగారకుడి లెక్కలు కెప్లర్ చేతికి వచ్చాయి. గ్రహాలు నిండు వృత్తంలో తిరుగుతాయని అప్పటి పండితులందరి నమ్మకం. కెప్లర్ లెక్కకూ టైకో చూసినదానికీ తేడా ఎనిమిది కళలు మాత్రమే, అంటే పున్నమి చంద్రుడి వెడల్పులో నాలుగోవంతు. ఇంకొకరైతే సర్దుకుపోయేవారు. ఆయన సర్దుకోలేదు. ఏళ్ల శ్రమ పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. గ్రహం బాట దీర్ఘవృత్తమని, సూర్యుడికి దగ్గరైనప్పుడు వేగంగా, దూరమైనప్పుడు నిదానంగా నడుస్తుందని 1609లో ప్రకటించాడు.

ఎందుకలా నడుస్తుందో 1687లో న్యూటన్ వివరించాడు. మా ఆలంపూర్ పల్లెల్లో జొన్నచేలో పిట్టలను తోలే వడిసెల తెలిసినవారికి ఇది కష్టం కాదు (దావీదు చేతిలో ఉన్నదీ అదే). తిప్పుతున్నంతసేపు తాడు రాయిని లోపలికి లాగుతుంది. వదిలితే రాయి తిన్నగా దూసుకుపోతుంది. గ్రహానికి సూర్యుని ఆకర్షణే తాడు. వేగం లేకపోతే సూర్యుడిలో పడుతుంది, ఆకర్షణ లేకపోతే తిన్నగా ఎటో వెళ్లిపోతుంది. రెండూ ఉన్నందున పడుతూనే ఉంటుంది గాని చేరదు, చుట్టూ తిరుగుతుంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్.ఎల్.వి-3 రాకెట్టు కావలసిన వేగం అందుకోలేక బంగాళాఖాతంలో పడింది. 1980 జులై 18న అదే రకం రాకెట్టు సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగాన్నిచ్చి 35 కిలోల రోహిణిని కక్ష్యలో నిలిపింది. రోహిణి నడిచిందీ కెప్లర్ చెప్పిన బాటలోనే.

ఇక్కడిదాకా పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. కాపరులమైన మాకు చదవడానికి కష్టమైన భాగం ఈ తరువాతది. 1611లో భార్యను, ఒక కుమారుణ్ణి పోగొట్టుకుని, 1612లో లింజ్ పట్టణానికి వచ్చాడు కెప్లర్. ప్రభురాత్రి భోజనంలో పాలుపొందాలని అక్కడి కాపరి డేనియల్ హిట్స్‌లర్‌ను అడిగాడు. లూథరన్ విశ్వాస ఒప్పుకోలు పత్రంపై షరతు లేకుండా సంతకం చేయమన్నాడు హిట్స్‌లర్. క్రీస్తు శరీరం అంతటా ఉన్నదనే మాట దగ్గర కెప్లర్ మనస్సాక్షి ఒప్పుకోలేదు. చేయలేనన్నాడు. బల్ల నుంచి వెలివేశారు. పై అధికారులకు మొరపెట్టుకుంటే వారూ కాపరినే సమర్థించారు. హిట్స్‌లర్ దుర్మార్గుడని మేము అనము, అప్పగించిన సిద్ధాంతాన్ని కాపాడుతున్నాననే ఆయన అనుకున్నాడు. కాని ఎనిమిది కళల తేడాకే అబద్ధం ఆడలేని మనిషి, నమ్మని మాట కింద సంతకం ఎలా పెడతాడు?

ఆయన సంఘాన్ని విడిచిపోలేదు. క్యాథలిక్ సంఘంలో చేరితే కొలువులు, గౌరవాలు దొరికేవి, అటూ పోలేదు. వద్దన్నవారి మధ్యనే ఉండిపోయాడు. 1618 ఫిబ్రవరిలో పసిబిడ్డ చనిపోయింది. ఆ మే నెలలోనే, గ్రహం దూరానికీ దాని సంవత్సరానికీ ఉన్న లెక్క దొరికింది. అదే మూడవ సూత్రం. 1619లో ట్యూబింగెన్‌లోని వేదాంత గురువులను మరోసారి వేడుకుంటే మళ్లీ కాదన్నారు. అదే కాలంలో తల్లిపై మంత్రగత్తె అనే నేరం మోపారు. ఆయనే వెళ్లి వాదనలు సిద్ధం చేసి, 1621లో ఆమెను విడిపించుకున్నాడు.

1630లో రావలసిన జీతం బాకీ కోసం రెగెన్స్‌బర్గ్‌కు గుర్రం మీద ప్రయాణమై, అక్కడ జ్వరపడి నవంబర్ 15న కన్నుమూశాడు. ఊరి గోడల బయట ప్రొటెస్టంట్ల శ్మశానంలో పాతిపెట్టారు. కొద్ది ఏళ్లకే యుద్ధంలో ఆ శ్మశానం నాశనమైంది. సమాధి చోటు నేటికీ తెలియదు.