గూడు లేని సిపాయి కట్టిన ఇల్లు



మార్చి 8వ తేదీన శ్రీసభ పునీత దేవుని యోహాను పండుగ జరుపుకుంటుంది. ఆసుపత్రులకు, రోగులకు పాలక పునీతునిగా ఆయనను చాలామంది ఎరుగుదురు. ఆయన ఒకప్పుడు సిపాయి అనీ, ఆ కొలువు పోయాక ఏళ్ల తరబడి నిలువ నీడ లేక తిరిగాడనీ ఎరిగినవారు తక్కువ. ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం. చెప్పడానికి నాకొక సొంత కారణం కూడా ఉంది.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక విచారణలో, దేవాలయ వరండాలో ఒక మనిషి రాత్రిపూట పడుకునేవాడు. మిలిటరీలో చేసి వచ్చానని చెప్పేవాడు. తాగేవాడు, నిద్రలో కేకలు వేసేవాడు. తెల్లవారుజామున పూజకు వచ్చే ఆడవాళ్లు భయపడుతున్నారని పెద్దలు అన్నారు. నేను వరండాకు ఇనుప తలుపు పెట్టించి తాళం వేయించాను. అతడు మళ్లీ కనబడలేదు. ఎక్కడివాడో, ఇల్లు ఎందుకు విడిచాడో ఒక్కనాడైనా కూర్చోబెట్టి అడగలేదు. ఈ పునీతుని జీవితం చదివినప్పుడల్లా నాకు ఆ తాళం గుర్తుకు వస్తుంది.

యోహాను 1495లో పోర్చుగల్ దేశంలోని మోంతెమోర్-ఒ-నోవొ అనే ఊళ్లో పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో ఇంటికి వచ్చిన ఒక బాటసారి వెంట, తల్లిదండ్రులకు చెప్పకుండా స్పెయిన్ దేశం వెళ్లిపోయాడు. ఒరోపెసా అనే ఊళ్లో ఒక పెద్దమనిషి అతణ్ణి చేరదీశాడు. అక్కడే గొర్రెలు కాస్తూ పెరిగాడు.

ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో సైన్యంలో చేరి, ఫ్రెంచివారితో యుద్ధం జరుగుతున్న ఫుయెంతెరాబియా కోట దగ్గరకు వెళ్లాడు. ఒకనాడు గుర్రం మీదనుంచి పడి, శత్రువుల చేరువలో స్పృహ లేకుండా ఉండిపోయి, ఎలాగో బతికి బయటపడ్డాడు. మరొకనాడు అతని కాపలాలో ఉంచిన దోపిడీ సొమ్ము పోయింది. నేరం అతనిమీద పడింది. దళపతి ఉరి శిక్ష వేశాడు. ఆ దారిన వచ్చిన ఒక పెద్ద అధికారి జాలిపడి అడ్డుపడగా, ప్రాణం దక్కింది గాని కొలువు పోయింది. చేతిలో చిల్లిగవ్వ లేకుండా సైన్యంనుంచి వెళ్లగొట్టారు.

మళ్లీ గొర్రెల దగ్గరకు వచ్చాడు. 1532లో తురుష్కులమీద యుద్ధానికి వియన్నా వరకు వెళ్లాడు. యుద్ధం అయిపోయింది, సిపాయితో పని తీరిపోయింది. అప్పుడు సొంత ఊరు గుర్తుకు వచ్చింది. వెళ్లి చూస్తే తల్లిదండ్రులు ఇద్దరూ లేరు. తాను వెళ్లిన కొద్ది కాలానికే తల్లి బెంగతో కన్నుమూసిందనీ, తండ్రి ఫ్రాన్సిస్కన్ మఠంలో చేరి అక్కడే పోయాడనీ తెలిసింది. ఆ తరువాత సెవిల్లె దగ్గర గొర్రెలు కాశాడు. సముద్రం దాటి ఆఫ్రికా ఒడ్డున సెయుతాలో కోట గోడల పనికి కూలికి వెళ్లాడు. జిబ్రాల్టర్‌లో పుస్తకాలు మోసుకుని తిరిగి అమ్మాడు. చివరకు గ్రనడా పట్టణం చేరి ఒక చిన్న పుస్తకాల దుకాణం పెట్టాడు. అప్పటికి నలభై దాటాయి.

1530ల చివర, జనవరి 20న, పునీత సెబస్తియాను పండుగనాడు, అవిలా యోహాను గురువుల ప్రసంగం విన్నాడు. గుండె పగిలినట్లు ఏడ్చాడు. పుస్తకాలు పంచిపెట్టాడు, బట్టలు చించుకున్నాడు, బురదలో దొర్లాడు. వీధి పిల్లలు రాళ్లు విసిరారు. పిచ్చివాడని రాచ ఆసుపత్రిలో కట్టివేశారు. ఆ రోజుల్లో పిచ్చికి మందు కొరడా దెబ్బలే.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచిద్దాం. ఇతడు దిక్కులేనివాడు కావడానికి ఏది కారణం? గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు ఒక మాట నేర్పేవారు. కంటికి మొదట కనబడేదంతా కారణం కాదు, అది ఫలితం కూడా కావచ్చు. గ్రనడా వీధిలో జనం చూసింది ఒక పిచ్చివాణ్ణి. వారు చూడనిది వెనుక ఉంది: చిన్ననాడే తెగిన ఇల్లు, యుద్ధం ఉన్నంతవరకే ఉండే కూలి, విచారణ లేని శిక్ష, తిరిగి వెళితే తలుపు తీసేవారు లేకపోవడం. మనమూ అంతే. వీధిలో ఉన్నవాణ్ణి చూసి తాగుడువల్ల ఇలా అయ్యాడంటాం. వీధిలో పడ్డాక తాగుడు వచ్చిందేమో అని అడగం.

మన కోనసీమవారికి ఇది వింత కాదు. 1986 ఆగస్టు గోదావరి వరదలో, 1996 నవంబరు 6 నాటి తుఫానులో ఎంతో కష్టపడి బతికే కుటుంబాలు ఒక్క రాత్రిలో ఇళ్లు పోగొట్టుకున్నాయి. లంకల్లో ఏటిగట్టు కోసుకుపోయి ఇంటి స్థలమే నదిలో కలిసిపోయినవారూ ఉన్నారు. వీరిది సోమరితనమా? అన్నదమ్ములో, అత్తవారో ఉన్నవారు తేరుకున్నారు. ఎవరూ లేనివారికి తేరుకోవడం కష్టమైంది. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేలకు పైగా తేలారు. సైన్యంలో చేసినవారందరికీ పింఛను ఉంటుందని అనుకుంటాం. సాధారణంగా 15 ఏళ్లు నిండకుండా బయటికి వచ్చిన జవానుకు సర్వీసు పింఛను రాదు. పింఛను ఉన్నా, రాత్రి నిద్ర పట్టనివానికి అది నిద్ర కొనిపెట్టదు.

కొన్ని నెలలకు ఆసుపత్రినుంచి విడుదలైన యోహాను, తాను తిన్న దెబ్బలు మరవలేదు. రోగులను అలా చూడని ఇల్లు ఒకటి ఉండాలని నిశ్చయించుకున్నారు. గ్వదలూపె మాత పుణ్యక్షేత్రానికి నడిచి వెళ్లి వచ్చారు. కట్టెలు అమ్మారు. తరువాత ఒక అద్దె ఇల్లు తీసుకుని, వీధుల్లో పడి ఉన్నవారిని భుజాన మోసుకుని తెచ్చి పడుకోబెట్టారు. రాత్రిపూట భుజాన బుట్ట, మెడలో తాడుకు వేలాడే రెండు కుండలతో భిక్షకు వెళ్లేవారు. ఇచ్చే మేలు ఇచ్చేవారికే చేరుతుందని కేకవేస్తూ తిరిగేవారు.

ఆ ఇంట్లో కుష్ఠురోగులు, కాళ్లూ చేతులూ లేనివారు, మతి చలించినవారు, ముసలివారు, బాటసారులు అందరూ ఉండేవారు. చివరి రోజుల్లో ఆయన రాసిన ఒక ఉత్తరంలో నూట పదిమందికి పైగా లెక్క ఉంది. దిక్కులేని సిపాయిలకు, పంటలు పోయిన పేద రైతులకు కూడా సాయం చేసేవారు. స్థిరమైన రాబడి లేదు. అప్పులవాళ్లకు జడిసి బయటికి రాలేని రోజులున్నాయి. 1548లో రాజకుమారుని కొలువుకు వెళ్లి యాచించారు. ఇచ్చింది కూడా అక్కడి పేదలకే పంచి, వట్టి చేతులతో బయలుదేరేవారు.

చెడ్డవారిని కూడా ఇంట్లో పెట్టుకున్నారని అగ్రపీఠాధిపతులకు ఫిర్యాదు వెళ్లింది. ఆ ఇంట్లో తనకు తెలిసిన చెడ్డవాడు తానొక్కడేనని యోహాను విన్నవించుకున్నారు. ఆ మాటతో ఫిర్యాదు ఆగిపోయింది. మన పక్కనున్న లంకల గన్నవరంలో, 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మగారిని తలుచుకోండి. వేళగాని వేళ వచ్చినవారికి కూడా కులం అడగకుండా అన్నం వడ్డించిన ఇల్లు ఆమెది. మతాలు వేరు, తలుపు తెరిచిన తీరు ఒకటే.

1549లో, తనను కట్టివేసి కొట్టిన ఆ రాచ ఆసుపత్రికే నిప్పు అంటుకుంది. యోహాను లోపలికి ఉరికి రోగులను బయటికి తెచ్చారు. మరుసటి చలికాలం హెనీల్ నదికి వరద వచ్చింది. మన గోదావరి వరదలో దుంగలు పట్టుకున్నట్లే, పేదలకు పొయ్యిలోకి కట్టెలు పట్టడానికి ఆయన వెళ్లారు. కొట్టుకుపోతున్న ఒక కుర్రవాణ్ణి కాపాడబోయి చన్నీళ్లలో దిగారు. కుర్రవాడు దక్కలేదు. ఆ జబ్బుతోనే 1550 మార్చి 8న, మోకాళ్లమీద ఉండగానే ప్రాణం విడిచారు. 1690లో శ్రీసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది. ఆయన పేరిట వెలసిన సహోదరుల సభ ఈనాటికీ అనేక దేశాల్లో రోగులకు సేవ చేస్తున్నది.

ప్రియ సోదరీ సోదరులారా, మనందరం ఆసుపత్రులు కట్టలేం. వరండాలో పడుకున్న మనిషిని పేరు అడగగలం. కాగితాలు పోయిన మాజీ సైనికుడైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకువెళ్లగలం. జబ్బు ఉంటే వైద్యునికి చూపించగలం. ఊరు చెబితే ఇంటివాళ్లకు కబురు పంపగలం. ఆడవాళ్ల భయం కూడా నిజమే, దానికీ దారి వెదకాలి. తాళం వేయడం అన్నిటికంటె సులువు. నేను ఆ సులువైన పని చేశాను. మీరు చేయవద్దని కోరుతున్నాను.

పునీత దేవుని యోహానా, మా కొరకు వేడుకొనండి.