మగ్గముకడ మాటలను కూర్చిన ఆచార్యుడు

శివకవి పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమునందు వస్త్రముల పేర్లను వరుసగ ఏర్చి కూర్చెను. సుమారు 7 శతాబ్దములకు పూర్వము తెలుగునాట ఎన్నెన్ని రకముల బట్టలు ఎరుకలో నుండెనో ఆ పట్టిక వలన తెలియుచున్నది. కాని ఆ పేర్లలో పెక్కింటికి నిశ్చితమైన అర్థము చెప్పుట నేడు కష్టము. ఏది పట్టు, ఏది నూలు, ఏది గళ్ళది, ఏది చారలది అని అడిగినచో పండితులు సైతము ఊహించి చెప్పవలసినదే. పేరు మిగిలెను, బట్ట కనుమరుగయ్యెను. నేసిన చేతులకు తెలిసిన అర్థము ఆ చేతులతోనే పోయెను.

అట్టి నష్టము మరల కలుగకుండుటకు మన కాలమున పూనుకొన్నవారిలో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు అగ్రగణ్యులు. ద్రావిడ భాషాశాస్త్రమున ప్రపంచఖ్యాతి గడించిన ఈ పండితులు, నేతగాని నోట పలుకు మాటను కావ్యమునందలి మాటతో సమానముగ గౌరవించి నిఘంటువునకు ఎక్కించిరి. వారి జీవితమునందు తెలిసికొనదగిన విశేషములు అనేకములున్నను, ఈ ఒక్క కృషి శ్రమజీవులందరికిని ప్రత్యేకముగ స్మరణీయము.

కృష్ణమూర్తి గారు 1928 జూన్ 19వ తేదీన ఒంగోలులో జన్మించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు భాషాసాహిత్యములను ప్రధానముగ అభ్యసించి 1948లో పట్టభద్రులైరి. అచ్చటనే అధ్యాపకులుగ పనిచేసి, పిదప అమెరికాకు వెళ్ళి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రమునభ్యసించి 1957లో డాక్టరేటు పొందిరి. తెలుగు క్రియాధాతువులపై వారు చేసిన ఆ పరిశోధన 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణగ వెలువడి, ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనమునకు గట్టి పునాదులలో ఒకటి అయ్యెను. స్వదేశమునకు వచ్చిన పిదప తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునందు కొంతకాలము పనిచేసిరి.

ఆ రోజులలో తెలుగు నిఘంటువుల స్థితి ఎట్లుండెను? బ్రౌను దొర 1852లో ప్రకటించిన నిఘంటువునందు వాడుకమాటలు కొన్ని చేరినను, తరువాతి మహానిఘంటువులు ప్రధానముగ కావ్యప్రయోగములను ఆధారము చేసికొనినవి. కవి వాడిన మాటకు చోటు దొరకెను. పొలమున, కొలిమికడ, మగ్గపు గుంటలో పుట్టి పెరిగిన మాటకు చోటు దొరకుట అరుదు. ఉత్తర భారతమున గ్రియర్సను 1885లోనే బీహారు రైతుల జీవనమునకు సంబంధించిన పదములను పనిముట్ల వారీగ సేకరించి ప్రకటించియుండెను. తెలుగునాట అంతటి సమగ్రమైన ప్రయత్నము జరుగవలసియుండెను.

1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ఈ లోపమును తీర్చుటకు మాండలిక వృత్తిపదకోశముల నిర్మాణమును చేపట్టెను. ఆ బృహత్కార్యమునకు రూపము కల్పించి నడిపినవారు కృష్ణమూర్తి గారు. రాష్ట్రమున 20 జిల్లాలుండిన కాలమది. మాటలను పుస్తకములనుండి గాక పని చేయువారి నోటినుండి సేకరించుట వారి పద్ధతి. ఒక పనిముట్టును ఏ ప్రాంతమువారు ఏమందురు, దాని భాగములకు పేర్లేవి, దానితో చేయు పనికి వాడు క్రియ ఏది అని విచారించి, ఆ మాట ఏ ప్రాంతమునదో గుర్తించి వ్రాసిరి. మొదటి సంపుటముగ వ్యవసాయ పదకోశము 1962లో వెలువడెను. ఆ సంవత్సరముననే వారు హైదరాబాదు చేరి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రాచార్యులైరి. 1986 వరకు ఆ పదవియందుండి ఎందరో శిష్యులను తీర్చిదిద్దిరి.

చేనేత పదకోశము 1971లో ప్రకటితమయ్యెను. చేనేత అనగానే మగ్గము, నూలు అను రెండు మాటలతో తృప్తి చెందువారికి ఈ వృత్తి యెంత పలుకుబడి గలదో తెలియదు. చిలపలుగ వచ్చిన నూలును రాట్నముపై కండెలకు చుట్టవలెను. నిలువు పోగులు పడుగు, అడ్డపు పోగులు పేక. పడుగును సాగదీసి గంజి పెట్టి, పోగులను అచ్చులో, పన్నెలో వరుస తప్పక ఎక్కించవలెను. నేతగాడు గుంటమగ్గముకడ కూర్చుండి కాళ్ళతో పలకలను తొక్కుచు, చేతితో నాడెను ఆడించుచు పేకను పడుగులోనికి నడుపును. అటుపై వచ్చిన బట్టలో అంచు వేరు, కొంగు వేరు. ఒక్కొక్క అంగమునకును పేరు కలదు. ప్రాంతము మారినచో ఆ పేరు మారవచ్చును. పేరు ఒకటియే ఉండి వస్తువు మారవచ్చును. ఇందులో ఏది శుద్ధము, ఏది అపశబ్దము అను విచారణకు తావులేదు. పని నెరిగినవాడు వాడిన మాటయే ప్రమాణము. ఈ సూత్రమే ఆ పదకోశమునకు ప్రాణము.

ఈ మాటలు మగ్గము గుంటకే పరిమితమైనవి కావు. తీరికలేక తిరుగువానిని ఆసులో కండెతో పోల్చుట, రెండు విషయముల విడరాని కూర్పును పడుగు పేకలని చెప్పుట తెలుగువారందరికిని అలవాటు. మగ్గమును ఎన్నడును చూడనివారు కూడ నేతగాని మాటనే పలుకుచున్నారు. వృత్తి నశించినచో ఈ పలుకుబడి వేరు తెగిన తీగ యగును.

ఇట్లు సేకరించిన వృత్తిపదముల వలన మరియొక మేలు కలిగెను. ఏ మాట ఎంతవరకు వ్యాపించియున్నదో పరిశీలించి, కృష్ణమూర్తి గారు తెలుగుదేశమును నాలుగు మాండలిక మండలములుగ విభజించిరి: కళింగాంధ్రము, తెలంగాణము, రాయలసీమ నెల్లూరు ప్రాంతములు, కృష్ణాగోదావరుల నడిమి మండలము. రైతుల, నేతగాండ్ర మాటలే ఈ విధమున శాస్త్రమునకు సాక్ష్యములైనవి.

వారి దృష్టి తెలుగునకే పరిమితము కాలేదు. కొండజాతుల భాషయైన కూబిపై 1969లో గ్రంథము ప్రకటించిరి. గ్విన్ గారితో కలిసి రచించిన ఆధునిక తెలుగు వ్యాకరణము 1985లో వెలువడెను. 1986 నుండి 1993 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగ నుండిరి. ద్రావిడ భాషలపై వారి మహాగ్రంథమును 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ప్రచురించెను. అప్పటికి వారి వయస్సు సుమారు 75 సంవత్సరములు. ఉస్మానియా ప్రాంగణమునకు ఆనుకొనియున్న తార్నాకలోనే నివాసమేర్పరచుకొని, పదవీ విరమణానంతరము కూడ వ్రాతపని మానలేదు. 2012 ఆగస్టు 11వ తేదీన హైదరాబాదులో దివంగతులైరి.

వృత్తిపదకోశములను ప్రకటించిన సాహిత్య అకాడమి 1983లో రద్దయ్యెను. మరమగ్గముల పోటీకి చేమగ్గములు అనేకము మూతపడినవి. సంస్థలు పోయినను, మగ్గములు తగ్గినను, అచ్చుపడిన మాట నిలిచియున్నది. అయినను పుస్తకమున నిలుచుట ఒకటి, నోట నిలుచుట మరియొకటి. పోచంపల్లి నేతలో మేకులమీదుగ పోగును వేలమారులు అటునిటు తిప్పు పనిని ఆసు అందురు. ఆ పని చేయుచు తల్లి పడుచుండిన భుజముల నొప్పిని చూచి, చింతకింది మల్లేశం అను నేత కుటుంబీకుడు దానికొక యంత్రమును కల్పించెను. అందులకు 2017లో పద్మశ్రీ లభించెను. ఆ యంత్రమును లక్ష్మీ ఆసు యంత్రమనియే పిలుచుచున్నారు. పని బ్రదికి, చేయువాని కష్టము తగ్గినచోట పాతమాట క్రొత్త యంత్రమునకు సైతము పేరై నిలిచినది.

కాయకమును పూజగ ఎంచిన శరణుల పరంపరలో జేడర దాసిమయ్య నేతగాడు. నేతపనిని గౌరవించుట మనకు క్రొత్త కాదు. ఆ పనికి చెందిన మాటను గౌరవించుటయు అందులో భాగమని కృష్ణమూర్తి గారి జీవితము తెలుపుచున్నది. మన యిండ్లలో, మన వీధులలో మగ్గమెరిగిన వృద్ధులు ఇంకను ఉన్నారు. చదువుకొన్న యువకులు వారి ప్రక్కన ఒక పూట కూర్చుండి, పనిముట్ల పేర్లడిగి, ఊరిపేరుతో సహా వ్రాసికొనినచో అది ఆ మహనీయునకు నివాళి యగును. సోమనాథుని పట్టికకు కలిగిన గతి నేటి మాటలకు కలుగకుండ కాపాడుటయు అగును.