లెక్కల ఉద్యోగి, దుర్భిణి రైఫిలు: వాసిలీ జైత్సేవ్ జీవితం

మన సంఘం ప్రత్యేక సంచికకు సభ్యుల వ్యాపకాల గురించి రాయమన్నారు. పాత యుద్ధ రైఫిళ్ల గురించి, వాటి దుర్భిణుల గురించి చదవడం నా వ్యాపకం. విదేశాల్లో వాటిని కొని దాచుకునేవారు చాలామంది ఉన్నారు. మనకు ఆ వీలు లేదు గనుక నేను వాటి చరిత్రను పోగుచేసుకున్నాను. ఆ చదువులో నా మనసుకు దగ్గరైన మనిషి సోవియట్ సైనికుడు వాసిలీ జైత్సేవ్. నాలాగే ఆయన కూడా లెక్కల విభాగంలో పనిచేసినవారే.

ఆయన 1915 మార్చి 23న ఉరల్ ప్రాంతంలోని ఒక పల్లెలో, రైతు కుటుంబంలో జన్మించారు. చిన్నతనంలోనే తాతగారి దగ్గర వేట నేర్చారు. 1937లో పసిఫిక్ నౌకాదళంలో చేరి, యుద్ధం వచ్చేనాటికి అక్కడ ఆర్థిక విభాగం చూస్తున్నారు. సురక్షితమైన ఉద్యోగం. అయినా 1942లో తానే కోరి స్టాలిన్‌గ్రాడ్ యుద్ధానికి వెళ్లారు.

మొదట చేతికిచ్చింది మామూలు మోసిన్ రైఫిలే. గురి చూసిన అధికారులు దుర్భిణి బిగించిన రైఫిలు ఇచ్చారు. ఇది 1891 నాటి నమూనాను 1930లో సవరించినది, తూటా 7.62 మిల్లీమీటర్లు. మామూలు రైఫిలుకు బోల్టు పిడి నిటారుగా పక్కకు ఉంటుంది. పైన దుర్భిణి ఉంటే అది అడ్డు తగులుతుంది గనుక పిడిని కిందికి వంచారు. క్లిప్పుతో అయిదు తూటాలూ ఒకేసారి నింపే వీలు కూడా పోయింది, ఒక్కొక్కటే పెట్టుకోవాలి.

1942 నవంబరు 10 నుంచి డిసెంబరు 17 వరకు ఆయన 225 మందిని కాల్చినట్లు సోవియట్ లెక్క. ఆ అంకె చదివినప్పుడల్లా నాకు గర్వం కంటే బరువే ఎక్కువ తోస్తుంది. అవతలివారూ తల్లుల బిడ్డలే. కాని ఊరు మీదికి వచ్చిన సైన్యాన్ని ఆపడం ఆయనకు తప్పనిసరి అయింది. తోటివారికి కూడా ఈ విద్య నేర్పారు. రష్యన్ భాషలో ఆయన ఇంటిపేరుకు మూలం కుందేలు. అందుకే శిష్యులను కుందేలు పిల్లలని పిలిచేవారు.

1943 జనవరిలో పేలుడు దెబ్బకు ఆయన కళ్లు పోయాయి. చూపే ఆధారమైన మనిషికి అంతకంటే కష్టం ఏముంటుంది? కంటిశుక్లం ఆపరేషన్ చేయించుకున్న మన మిత్రులకు ఆ చీకటి కొంత తెలుసు. వైద్యుల కృషితో చూపు తిరిగి వచ్చింది. ఆ ఫిబ్రవరిలోనే సోవియట్ యూనియన్ వీరుడనే బిరుదు లభించింది. మళ్లీ యుద్ధానికి వెళ్లి, తరువాత కీవ్‌లో స్థిరపడి బట్టల పరిశ్రమలో పనిచేశారు.

ఒక జర్మన్ మేజరుతో ఆయన రోజుల తరబడి సాగించిన ద్వంద్వ యుద్ధం కథగా ప్రసిద్ధం. 2001లో సినిమా కూడా వచ్చింది. అయితే అలాంటి మేజరు ఉన్నట్లు జర్మన్ రికార్డుల్లో ఆధారం దొరకలేదని చరిత్రకారులంటారు. వోచరు లేని పద్దును మనం పాస్ చేయం కదా! పాత రైఫిళ్లు సేకరించేవారి పద్ధతీ ఇదే. యుద్ధం తరువాత చాలా రైఫిళ్ల దుర్భిణులు తీసేసి, మర రంధ్రాలు పూడ్చి, మామూలువాటిగా మార్చారు. ఇప్పుడు మామూలు రైఫిలుకు దుర్భిణి తగిలించి అసలుదని అమ్మేవారూ ఉన్నారు. అందుకని కొనేవారు తుపాకి మీద చెక్కిన నంబరు, బోల్టు నంబరు, దుర్భిణి నంబరు కలుస్తున్నాయా అని ఆడిటరులా సరిచూస్తారు. అమ్మేవాడు చెప్పే వీరగాథకు విలువ కట్టరు.

జైత్సేవ్ 1991 డిసెంబరు 15న కీవ్‌లో కన్నుమూశారు. మరో పదకొండు రోజులకు ఆయన కాపాడిన దేశమే లేకుండా పోయింది. తాను పోరాడిన నేలలోనే కలవాలన్నది ఆయన కోరిక. 2006 జనవరి 31న వోల్గోగ్రాడ్‌లోని మమాయెవ్ కొండపై తిరిగి ఖననం చేసి దానిని తీర్చారు. స్టాలిన్‌గ్రాడ్‌కు ఇప్పటి పేరు అదే. ఆయన రైఫిలు ఆ ఊరి మ్యూజియంలోనే ఉంది.

పిల్లలు సినిమా చూసి తుపాకి గొప్పదని అనుకుంటారు. కళ్లు పోగొట్టుకుని, తిరిగి పొంది, ఆపైన బట్టల పరిశ్రమలో శాంతిగా పనిచేసిన మనిషి గొప్పవాడని మనవలకు మనమే చెప్పాలి.