లియో కానర్

లియో కానర్ (జూన్ 13, 1894 - ఏప్రిల్, 1981) ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో జన్మించి అమెరికాలో స్థిరపడిన మనోవైద్యుడు. పసిపిల్లలలో కనిపించే ఆటిజం (స్వలీనత) అనే స్థితిని 1943లో ప్రత్యేకంగా గుర్తించి, దాని లక్షణాలను సవివరంగా నమోదు చేసిన వైద్యుడిగా ఇతడు ప్రసిద్ధుడు. ఆంగ్లభాషలో శిశు మనోవైద్యంపై వెలువడిన తొలి పాఠ్యగ్రంథం ఇతడు రచించినదే. బడి ఈడు పిల్లలలో ఆటిజం లక్షణాలను అంచనా వేయడానికి తరువాతి కాలంలో రూపొందిన మాపనులలో చాలావాటికి ఇతడు పదకొండు మంది పిల్లలను పరిశీలించి వ్రాసిన వ్యాసమే తొలి ఆధారం.

బాల్యం, విద్యాభ్యాసం

కానర్ 1894 జూన్ 13న గలీషియా ప్రాంతంలోని బ్రోడీ పట్టణం సమీపాన ఉన్న క్లెకోతువ్ అనే చిన్న గ్రామంలో ఒక సాంప్రదాయిక యూదు కుటుంబంలో జన్మించాడు. ఆ ప్రాంతం అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో భాగంగా ఉండేది. ప్రస్తుతం ఉక్రెయిన్ దేశంలో ఉంది. ఇతని తొలి పేరు ఖస్కెల్ లైబ్ కానర్. 1906లో చదువు నిమిత్తం బెర్లిన్ నగరంలోని బంధువుల ఇంటికి చేరాడు. అక్కడే ఉన్నత పాఠశాల విద్య పూర్తిచేసి, 1913లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో ప్రవేశించాడు. యవ్వనంలో ఇతనికి కవి కావాలనే కోరిక బలంగా ఉండేది గాని, వ్రాసిన కవితలను ప్రచురించేవారు దొరకలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆస్ట్రియా సైన్యపు వైద్య విభాగంలో పనిచేయవలసి రావడంతో చదువుకు అంతరాయం కలిగింది. 1921లో వైద్యపట్టా పొందాడు. అదే సంవత్సరం జూన్ లెవిన్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఒక కుమార్తె, ఒక కుమారుడు.

అమెరికాకు వలస

యుద్ధానంతరం జర్మనీలో ధరలు విపరీతంగా పెరిగి జీవనం దుర్భరమైంది. 1924లో కానర్ కుటుంబంతో సహా అమెరికాకు వెళ్ళి, దక్షిణ డకోటా రాష్ట్రంలోని యాంక్టన్ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో సహాయ వైద్యుడిగా చేరాడు. అప్పటివరకు బెర్లిన్‌లో హృదయ సంబంధమైన పరిశోధనలో ఉన్న ఇతనికి మనోవైద్యంలో ప్రత్యేక శిక్షణ లేదు. రోగులను చూస్తూ, గ్రంథాలు చదువుతూ ఆ శాస్త్రాన్ని చాలావరకు స్వయంగా నేర్చుకున్నాడు. దంతాలకు సంబంధించిన జానపద విశ్వాసాలపై ఇతడు వ్రాసిన గ్రంథం 1928లో వెలువడింది.

బాల్టిమోర్‌లో శిశు మనోవైద్య విభాగం

1928లో ప్రఖ్యాత మనోవైద్యుడు అడాల్ఫ్ మేయర్ ఇతనిని బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి తీసుకొన్నాడు. మేయర్, పిల్లల వైద్య విభాగాధిపతి ఎడ్వర్డ్స్ పార్క్ కలిసి, పిల్లల ఆసుపత్రిలోనే మనోవైద్య సేవలు అందించే విభాగాన్ని నెలకొల్పాలని నిశ్చయించి, 1930లో ఆ బాధ్యతను కానర్‌కు అప్పగించారు. హ్యారియెట్ లేన్ హోమ్ అనే పిల్లల ఆసుపత్రిలో ఆ విభాగం ఆరంభమైంది. పిల్లల శరీరానికి వచ్చిన జబ్బును, మనసుకు వచ్చిన ఇబ్బందిని ఒకేచోట పరీక్షించే ఏర్పాటు అప్పటికి కొత్త.

అక్కడి అనుభవంతో కానర్ వ్రాసిన 'చైల్డ్ సైకియాట్రీ' అనే పాఠ్యగ్రంథం 1935లో వెలువడింది. తరువాత 1948, 1957, 1972 సంవత్సరాలలో సవరించిన ముద్రణలు వచ్చాయి. జర్మనీ, ఆస్ట్రియాలలో నాజీల పాలన మొదలైన తరువాత అక్కడినుండి పారిపోయి వచ్చిన పలువురు యూదు వైద్యులకు అమెరికాలో ఉద్యోగాలు దొరకడానికి కానర్ దంపతులు సాయపడ్డారు. వియన్నా పిల్లల ఆసుపత్రిలో హన్స్ ఆస్పెర్గర్‌తో కలిసి పనిచేసిన జార్జ్ ఫ్రాంకెల్, అన్నీ వైస్ అటువంటివారే.

బుద్ధిమాంద్యం గల పిల్లల పక్షాన

మేరీలాండ్ రాష్ట్రంలోని రోజ్‌వుడ్ అనే శిక్షణాలయంలో బుద్ధిమాంద్యం గల బాలికలు పలువురు ఉండేవారు. ఒక న్యాయవాది కోర్టు ఉత్తర్వుల ద్వారా అక్కడివారిని విడిపించి, సంపన్న గృహాలకు చౌకగా పనిమనుషులుగా చేర్పించేవాడు. 1911 - 1933 మధ్య ఈ విధంగా బయటకు వెళ్ళినవారు 166 మంది. వారి గతి ఏమైందో కానర్, మరొక సామాజిక కార్యకర్త కలిసి ఆరా తీశారు. చాలామందిని యజమానులు కొంతకాలానికే వదిలివేశారని, వారు వీధుల పాలై రోగాలతో, దారిద్ర్యంతో నలిగిపోయారని తేలింది. 1937లో కానర్ ఈ సంగతి బయటపెట్టగా పెద్ద సంచలనం కలిగింది.

1942లో నరాల వైద్యుడు ఫాస్టర్ కెనడీ, పుట్టుకతోనే తీవ్రమైన మనోవైకల్యం గల పిల్లలను ప్రాణహాని లేకుండా పోషించడం వ్యర్థమని, వారికి మరణం కలిగించడమే దయ అని వాదించాడు. అమెరికా మనోవైద్యుల పత్రికలో ఆ వాదం పక్కనే కానర్ ఖండన వెలువడింది. బుద్ధి తక్కువ అనే మాట మనిషి విలువకు కొలత కాదని, సమాజానికి అవసరమైన ఎన్నో పనులు అటువంటివారే చేస్తున్నారని ఇతడు వాదించాడు. అయితే సంతానాన్ని పెంచలేనివారికి కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయడాన్ని ఇతడు కొన్ని సందర్భాలలో సమర్థించాడు. ఈ విషయంలో ఇతడు తన కాలపు అభిప్రాయాలను పూర్తిగా దాటలేదు.

పదకొండు మంది పిల్లలు

1938 అక్టోబరులో మిసిసిపీ రాష్ట్రం నుండి డొనాల్డ్ అనే ఐదేళ్ళ బాలుని తల్లిదండ్రులు కానర్ వద్దకు తీసుకువచ్చారు. అంతకు ముందే తండ్రి కుమారుని గురించి 33 పుటల లేఖ టైపు చేయించి పంపాడు. ఆ బాలుడు మనుషులను పట్టించుకొనేవాడు కాదు. వస్తువులను గిరగిర తిప్పుతూ గంటలు గడిపేవాడు. చిన్న వయసులోనే పెద్ద పద్యభాగాలను అప్పజెప్పేవాడు. తనను 'నీవు' అని, ఎదుటివారిని 'నేను' అని చెప్పేవాడు. దినచర్యలో చిన్న మార్పు వచ్చినా భరించలేకపోయేవాడు.

తరువాతి నాలుగేళ్ళలో ఇటువంటి పిల్లలు మరికొందరు కానర్ దృష్టికి వచ్చారు. ఎనిమిది మంది బాలురు, ముగ్గురు బాలికలు, మొత్తం పదకొండు మంది పిల్లల వివరాలతో 1943లో ఒక సుదీర్ఘ వ్యాసం ప్రచురించాడు. పుట్టుక నుండే ఇతరులతో సహజమైన సంబంధం ఏర్పరచుకోలేని ఏకాంత స్థితి, చుట్టూ ఉన్నది ఉన్నట్లే ఉండాలనే పట్టుదల ఈ పిల్లలందరిలో సమానమని ఇతడు తెలిపాడు. పదకొండు మందిలో ఎనిమిది మందికి మాటలు వచ్చాయి, ముగ్గురికి రాలేదు. అయినా మాటలు వచ్చినవారు కూడా వాటిని ఇతరులతో సంభాషించడానికి అంతగా వాడలేదని గమనించాడు. ఈ స్థితికి 1944లో 'శైశవ ఆటిజం' అని పేరు పెట్టాడు. ఆటిజం అనే పదాన్ని స్విస్ మనోవైద్యుడు యూజిన్ బ్లూలర్ అంతకు ముందే స్కిజోఫ్రీనియా రోగుల విషయంలో వాడాడు. కానర్ ఆ పదాన్ని తీసుకొన్నాడు గాని, ఈ పిల్లల స్థితి స్కిజోఫ్రీనియా కాదని వివరించాడు.

పరీక్షలకు అందని పిల్లలు

ఆ రోజుల్లో పిల్లల తెలివిని ఆల్ఫ్రెడ్ బినే పద్ధతిపై ఆధారపడిన ప్రజ్ఞా పరీక్షలతో కొలిచేవారు. పరీక్షకుడు ప్రశ్న అడగడం, పిల్లవాడు విని సమాధానం చెప్పడం ఆ పరీక్షల పద్ధతి. కానర్ వద్దకు వచ్చిన పిల్లలు ఎదుటి మనిషినే లక్ష్యపెట్టనందువలన ఆ పరీక్షలు వారిపై సరిగా జరగలేదు. అయితే వివిధ ఆకారాల చెక్కముక్కలను పలకలోని గుంటలలో అమర్చవలసిన సెగాన్ పరీక్షలో అందరూ బాగా రాణించారు. దీనినిబట్టి ఈ పిల్లలలో తెలివి ఉన్నదని, సాధారణ పరీక్ష దానిని పట్టుకోలేకపోతున్నదని కానర్ గ్రహించాడు.

పదకొండు మందిలో ఒక బాలిక ఉదంతం దీనికి నిదర్శనం. ఆమెను 1936లో బుద్ధిమాంద్యం గలవారి ప్రభుత్వ శిక్షణాలయంలో చేర్చారు. మధ్యలో చెవిటిదేమో అని ఒక నెలపాటు బధిరుల పాఠశాలకు కూడా పంపారు. ఆమెకు చెవుడు లేదు. మాటలతో పనిలేని ప్రశ్నలు మాత్రమే ఇచ్చి పరీక్షించినపుడు ఆమె ప్రజ్ఞాలబ్ధి 94 అని తేలింది. సగటు ప్రజ్ఞాలబ్ధి 100 కనుక ఆమె తెలివి దాదాపు మామూలు పిల్లల తెలివితో సమానం. అయినా ఆమె జీవితం శిక్షణాలయాలలోనే గడిచింది. సరైన కొలత లేకపోవడం వలన ఒక బిడ్డకు ఎంత నష్టం జరుగగలదో ఈ ఉదంతం తెలుపుతుంది.

తల్లిదండ్రులపై నింద

1943 నాటి వ్యాసం చివర ఈ స్థితి పుట్టుకతో వచ్చినదని కానర్ అభిప్రాయపడ్డాడు. అదే వ్యాసంలో, ఈ పిల్లల తల్లిదండ్రులు చాలావరకు విద్యావంతులని, ఆప్యాయత తక్కువగా కనబరచేవారని కూడా వ్రాశాడు. తరువాతి వ్యాసాలలో, ముఖ్యంగా 1949లో, ఈ రెండవ మాటకే ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చి, ఆ పిల్లలు మంచు కరగని శీతలయంత్రంలో పెరిగినట్లున్నారని పోల్చాడు. ఈ పోలిక నుండే తల్లి ప్రేమ చాలకపోవడమే ఆటిజానికి కారణమనే భావన వ్యాపించింది. బ్రూనో బెటెల్‌హైమ్ వంటి రచయితలు 1960 దశకంలో దానిని మరింత ప్రచారం చేశారు. వేలాది తల్లులు తమ బిడ్డ స్థితికి తామే కారణమని కుమిలిపోయారు.

1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త, స్వయంగా ఆటిజం గల బాలుని తండ్రి, ఈ భావనను ఖండిస్తూ గ్రంథం వెలువరించాడు. ఆ గ్రంథానికి కానర్ ముందుమాట వ్రాశాడు. 1969లో వాషింగ్టన్‌లో జరిగిన తల్లిదండ్రుల సంఘ సమావేశంలో ఇతడు, ఆటిజం జన్మసిద్ధమని తాను మొదటినుండి చెప్పినట్లు గుర్తుచేసి, తల్లిదండ్రులను నిర్దోషులుగా ప్రకటించాడు. సభికులు లేచి నిలబడి హర్షధ్వానాలు చేశారు. కాని ఆ నింద వ్యాపించడంలో ఇతని రచనల పాత్ర కూడా ఉన్నదనే విమర్శ చరిత్రకారులలో నిలిచిపోయింది.

ఆ పిల్లలు పెద్దవారయ్యాక

1971లో కానర్ తాను మొదట వర్ణించిన పదకొండు మంది ఏమైనారో వెతికి మరొక వ్యాసం ప్రచురించాడు. ప్రభుత్వ వసతిగృహాలలో చేర్చబడినవారి స్థితి క్షీణించి, ఉన్న నేర్పులు కూడా పోయాయని, అక్కడ చేర్చడం యావజ్జీవ శిక్షతో సమానమైనదని బాధతో వ్రాశాడు.

ఇందుకు భిన్నంగా డొనాల్డ్‌ను 1942లో ఒక రైతు దంపతుల వద్ద ఉంచారు. వారు ఆ బాలుని పట్టుదలలను అణచలేదు. కొలవడంపై ఇష్టం ఉందని చూసి, బావి త్రవ్వించి లోతు కొలిచి చెప్పమన్నారు. వరుసలు లెక్కపెట్టడం ఇష్టమని చూసి, మొక్కజొన్న చేలో దున్నుతూ వరుసలు లెక్కించమన్నారు. అతడు తరువాత కళాశాల విద్య పూర్తిచేసి, బ్యాంకులో ఉద్యోగం చేశాడు. 2023లో మరణించాడు. ఏ పిల్లవానికి ఏది ఇష్టమో గుర్తించి, దానినే ఉపయోగంగా మలచడం ఎంత ఫలితమిస్తుందో ఈ ఉదాహరణ ద్వారా కానర్ చూపాడు.

లక్షణాల కొలత - తరువాతి పరిణామాలు

కానర్, ఇతని శిష్యుడు లియోన్ ఐజెన్‌బర్గ్ కలిసి 1956లో ఏకాంత స్థితి, మార్పును సహించలేకపోవడం అనే రెండింటిని ముఖ్య లక్షణాలుగా నిర్ణయించారు. ఇవి వైద్యుని పరిశీలనపై ఆధారపడినవే గాని అంకెలతో కొలిచేవి కావు. ఈ లోటును తరువాతి పరిశోధకులు క్రమంగా పూరించారు.

* ఇంగ్లండులోని మిడిల్‌సెక్స్ ప్రాంతంలో విక్టర్ లాటర్ 8 నుండి 10 ఏళ్ళ బడి పిల్లలను పరిశీలించి, 1966లో ప్రతి 10,000 మందిలో 4.5 మందికి ఆటిజం ఉన్నట్లు ప్రకటించాడు. ఆటిజం ఎంతమందికి ఉందో లెక్కించిన తొలి సర్వే ఇదే.
* 1980లో ఎరిక్ షాప్లర్ బృందం 15 అంశాల మాపనిని ప్రచురించింది. ఒక్కొక్క అంశానికి 1 నుండి 4 వరకు మార్కులు. మొత్తం 30 లేక అంతకు మించితే ఆటిజం ఉన్నట్లు పరిగణిస్తారు.
* 1989లో తల్లిదండ్రులను ప్రశ్నించే ఒక పద్ధతి, బిడ్డతో ఆడుతూ మాట్లాడుతూ గమనించే మరొక పద్ధతి రూపొందాయి. కేథరిన్ లార్డ్, మైకేల్ రట్టర్ మొదలైనవారు వీటి రూపకర్తలు. రెండవ పద్ధతిలో బిడ్డ భాషాస్థాయినిబట్టి వేరువేరు భాగాలు ఉంటాయి. మాటలు బాగా వచ్చిన బడి పిల్లలకు బొమ్మలు, బొమ్మల పుస్తకాలు, సంభాషణ ద్వారా పరిశీలన జరుపుతారు.

1981లో లోర్నా వింగ్ అనే బ్రిటిష్ వైద్యురాలు ఆస్పెర్గర్ వర్ణనను వెలుగులోకి తెచ్చిన తరువాత ఆటిజం అంటే ఒకే రూపం కాదని, తీవ్రతలో పలు అంతరాలు గల విస్తృతి అని గుర్తించారు. కానర్ దీనిని అరుదైన స్థితిగా భావించాడు. ఈ విషయంలో తరువాతి పరిశోధనలు ఇతనితో ఏకీభవించలేదు. కానర్ కంటే ముందే, 1920 దశకంలో సోవియట్ వైద్యురాలు గ్రున్యా సుఖరేవా ఇటువంటి పిల్లలను వర్ణించినట్లు కూడా తరువాత తెలిసింది.

భారతదేశంలో

సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (తరువాత పేరు మారింది) భారతీయ పిల్లల కోసం ఒక ఆటిజం మాపనిని రూపొందించింది. ఇందులో 40 అంశాలు, ఒక్కొక్కదానికి 1 నుండి 5 మార్కులు ఉంటాయి. మొత్తం 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్లు, 70 - 106 స్వల్పం, 107 - 153 మధ్యస్థం, అంతకు మించితే తీవ్రం అని వర్గీకరిస్తారు. ఆటిజానికి వైకల్య ధ్రువపత్రం ఇవ్వడానికి భారత ప్రభుత్వం 2016లో ఈ మాపనిని ఆమోదించింది. అదే సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా చేరింది.

మాపనిలోని మార్కు ఒక్కటే నిర్ణయానికి చాలదు. బిడ్డ వినికిడి, భాష, ఇంటి వాతావరణం, పాఠశాలలోని ప్రవర్తన అన్నీ చూసిన తరువాతనే నిపుణులు నిర్ణయానికి రావాలి. చెవిటిదని, తెలివి లేనిదని ముద్రపడిన ఆ బాలిక ఉదంతం నేర్పే పాఠం కూడా ఇదే.

చివరి సంవత్సరాలు

కానర్ 1959లో విభాగాధిపతి పదవి నుండి విరమించాడు. ఆ స్థానంలో ఐజెన్‌బర్గ్ నియమితుడైనాడు. విరమణ తరువాత కూడా రచన, రోగుల పరిశీలన కొనసాగించాడు. 1971లో ఆటిజంపై ఆరంభమైన ప్రత్యేక పత్రికకు తొలి సంపాదకుడు ఇతడే. 1981 ఏప్రిల్‌లో మేరీలాండ్ రాష్ట్రంలోని సైక్స్‌విల్‌లో తన 86వ ఏట మరణించాడు.

ముఖ్య రచనలు

* చైల్డ్ సైకియాట్రీ (1935)
* ఇన్ డిఫెన్స్ ఆఫ్ మదర్స్ (1941) - పిల్లల పెంపకంపై తల్లులకు ధైర్యం చెప్పే గ్రంథం
* ఆటిస్టిక్ డిస్టర్బెన్సెస్ ఆఫ్ అఫెక్టివ్ కాంటాక్ట్ (1943) - పదకొండు మంది పిల్లల వ్యాసం
* ఎ హిస్టరీ ఆఫ్ ది కేర్ అండ్ స్టడీ ఆఫ్ ది మెంటల్లీ రిటార్డెడ్ (1964)
* చైల్డ్‌హుడ్ సైకోసిస్ (1973) - వ్యాస సంపుటి