పాడేవారి కోసం వెతికిన జీవితం: బ్లూస్ ప్రేమికుడు జాన్ హామండ్

1938 డిసెంబరు 23 రాత్రి న్యూయార్క్‌లోని కార్నెగీ హాలు వేదిక మీద ఒక గ్రామఫోను మోగింది. పాటలు రెండు. పాడిన మనిషి మాత్రం వేదిక మీద లేరు. రాబర్ట్ జాన్సన్ అనే మిసిసిపీ గాయకుడిని ఆ కచేరీకి రప్పించాలని నిర్వాహకుడు రికార్డు కంపెనీ మనుషుల ద్వారా కబురు పంపారు. ఆ గాయకుడు నాలుగు నెలల కిందటే, ఆగస్టు 16న, గ్రీన్‌వుడ్ పట్టణ సమీపంలో మరణించారన్న సమాధానం వచ్చింది. అప్పటికి జాన్సన్ వయసు 27 ఏళ్లు. ఆయన పేరు విన్నవారు ఆ సభలో పట్టుమని పదిమంది అయినా ఉండి ఉండరు. మరొకరైతే కార్యక్రమపత్రం నుంచి ఆ పేరు కొట్టివేసి ఊరుకునేవారు. జాన్ హామండ్ అలా చేయలేదు. సంప్రదాయ సంగీతానికి ఆలయంగా పేరుపడిన ఆ హాలులో మరణించిన ఒక గాయకుడి రికార్డులు పెట్టి శ్రోతలకు వినిపించారు.

పాడటం, వాయించటం ద్వారా కీర్తి పొందిన వ్యక్తి కాదు హామండ్. వినటం ద్వారా పొందారు. సంగీత చరిత్రలో అటువంటి వారు అరుదు.

ఆయన 1910 డిసెంబరు 15న న్యూయార్క్‌లో జన్మించారు. తల్లి ఎమిలీ, అమెరికాలో రైలుమార్గాల సామ్రాజ్యాన్ని నిర్మించిన వాండర్‌బిల్ట్ వంశపు ఆడపడుచు బిడ్డ. తండ్రి న్యాయవాది. మన్‌హాటన్‌లోని ఈస్ట్ 91వ వీధిలో వారి భవనం ఎంత పెద్దదంటే, తరువాతి కాలంలో అది రష్యా కాన్సులేట్ కార్యాలయమైంది. పై అంతస్తుల్లో ఐరోపా శాస్త్రీయ సంగీతం వినిపించేది. పనివారు ఉండే చోట మరో రకం సంగీతం నడిచేది. అక్కడి నల్లజాతి పనివారి గ్రామఫోను దగ్గర కూర్చుని పిల్లవాడు గంటలు గడిపేవాడు. మెట్లు దిగి వెళ్లి విన్న ఆ సంగీతమే ఆయనకు జీవితాంతం తోడైంది.

బ్లూస్ అనే మాటకు తెలుగులో సమానార్థకం వెతకటం వృథా ప్రయాస. నీలం రంగును దిగులుకు ముడిపెట్టటం ఇంగ్లీషు పలుకుబడి. పోనీ విషాదగీతం అందామంటే అందులోని వెక్కిరింత, సరసం, దబాయింపు, తాగుబోతు హాస్యం అన్నీ జారిపోతాయి. బానిసత్వం చట్టరీత్యా రద్దయిన తరువాత కూడా అప్పుల్లో, కౌలులో కట్టుబడిపోయిన నల్లజాతి జనం పత్తి చేలల్లో, ఖైదీల పొలాల్లో, రైలు కట్టల మీద ఎత్తుకున్న పాటల నుంచి అది పుట్టింది. ఒక పాదం పాడతారు. దాన్నే మళ్లీ పాడతారు. మూడో పాదంలో దానికి జవాబు చెబుతారు. సాధారణంగా పన్నెండు లయభాగాల ఆవర్తంలో ఇదంతా ముగుస్తుంది. ఇంత చిన్న చట్రంలో ఇమడని అనుభవం లేదని ఆ గాయకులు నిరూపించారు. 1920లో మేమీ స్మిత్ పాడిన ఒక బ్లూస్ రికార్డు విపరీతంగా అమ్ముడుపోవటంతో కంపెనీలు మేల్కొన్నాయి. నల్లజాతి కొనుగోలుదారుల కోసమంటూ ప్రత్యేకించి ‘రేస్ రికార్డులు’ అనే విభాగం పెట్టాయి. పెద్దింటి తెల్ల కుర్రవాడు వాటి కోసం హార్లెమ్ దుకాణాలకు వెళ్లటం ఆనాడు వింతే.

హాచ్‌కిస్ అనే ఖరీదైన ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నప్పుడు వయోలా పాఠాల కోసం న్యూయార్క్ రావటానికి ఆయనకు అనుమతి ఉండేది. పాఠం అయ్యాక అడుగులు హార్లెమ్ వైపు పడేవి. అక్కడే బెస్సీ స్మిత్ గానం ప్రత్యక్షంగా విన్నారు. ఆ తరువాత ఏ గాయని విన్నా ఆయనకు కొలబద్ద ఆమె గొంతే. యేల్ విశ్వవిద్యాలయంలో చేరారు గానీ 1931లో చదువు మానేశారు. కుటుంబ నిధి నుంచి వచ్చే ఆదాయం ఉంది కనుక బతుకుతెరువు బెంగ లేదు. అదే సంవత్సరం గార్లండ్ విల్సన్ అనే పియానో కళాకారుడి రికార్డుకు తన సొమ్ము పెట్టారు. బ్రిటన్ సంగీత పత్రికలకు వ్యాసాలు రాయసాగారు.

1933 నవంబరు నెల ఒక్కటి చాలు, హామండ్ చెవి ఎటువంటిదో తెలుసుకోవటానికి. బెస్సీ స్మిత్ అప్పటికి మరుగునపడ్డారు. 1920లలో ఆమె రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయాయి. ఆర్థికమాంద్యం రికార్డుల వ్యాపారాన్నే కూల్చివేశాక కొలంబియా కంపెనీ ఆమెను వదులుకుంది. హామండ్ ఆమెను వెతికి పట్టుకుని 24వ తేదీన స్టూడియోకు తీసుకువచ్చారు. నాలుగు పాటలు రికార్డయ్యాయి. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆయనకు కావలసింది పాత బ్లూస్. ఆమె ఒప్పుకోలేదు. జనం ఇప్పటికే దిగులుతో ఉన్నారు, వారికి ఇంకా దిగులు పాటలు వద్దన్నది ఆమె లెక్క. చివరకు ఆమె మాటే నెగ్గింది. హుషారైన పాటలు వచ్చాయి. అవే ఆమె ఆఖరి రికార్డులు. అభిమాని కోరుకునేది ఒకటి, కళాకారిణి ఆలోచించేది మరొకటి. ఈ తేడా హామండ్ జీవితంలో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ప్రతిసారీ అది ఇంత సవ్యంగా తేలలేదు.

మూడు రోజుల తరువాత బిల్లీ హాలిడే తొలిసారి రికార్డింగు మైకు ముందు నిలబడ్డారు. ఆమెకు అప్పుడు 18 ఏళ్లు. కొన్ని నెలల కిందట హార్లెమ్‌లోని ఒక చిన్న క్లబ్బులో ఆమె పాట విని, బెన్నీ గుడ్‌మన్ బృందంతో పాడే ఏర్పాటు చేసింది హామండే. ఒక యుగం ముగింపు, మరో యుగం ఆరంభం నాలుగు రోజుల్లో జరిగాయి. రెంటికీ కారకుడు 22 ఏళ్ల యువకుడు.

అదే సంవత్సరం ఆయన అలబామాకు వెళ్లారు, సంగీతం కోసం కాదు. అత్యాచార ఆరోపణ మీద తొమ్మిది మంది నల్లజాతి యువకులకు జరుగుతున్న స్కాట్స్‌బరో విచారణను ‘ద నేషన్’ పత్రికకు నివేదించటానికి. నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్.ఏ.ఏ.సి.పి. పాలకవర్గంలో ఆ దశాబ్దంలోనే సభ్యుడయ్యారు. తనకు నచ్చిన సంగీతాన్ని, ఆ సంగీతం పాడే మనుషుల బతుకును వేరువేరుగా చూడటం ఆయనకు చేతకాదు. తెల్లవారి బృందంలో నల్లవారు వేదిక ఎక్కటం ఊహించలేని రోజుల్లో, బెన్నీ గుడ్‌మన్ తన బృందంలోకి పియానో వాద్యకారుడు టెడ్డీ విల్సన్‌ను తీసుకోవటం వెనుక హామండ్ ఒత్తిడి ఉంది. తరువాత గిటారిస్టు చార్లీ క్రిస్టియన్‌ను గుడ్‌మన్ దగ్గరకు చేర్చిందీ ఆయనే. ఆ గుడ్‌మన్ 1942లో హామండ్ సోదరి ఆలిస్‌ను వివాహమాడి బావగారయ్యారు.

1936లో షికాగోలో ఉండగా కారు రేడియోలో కాన్సస్ సిటీ నుంచి వస్తున్న ఒక ప్రసారం ఆయన చెవిన పడింది. రీనో క్లబ్బులో కౌంట్ బేసీ బృందం వాయిస్తోంది. బ్లూస్‌కు నృత్యపు నడక నేర్పిన బృందమది. హామండ్ వారి కోసం కాన్సస్ సిటీ వెళ్లారు, పత్రికల్లో రాశారు. కానీ ఈలోగా డెకా కంపెనీ మనిషి ముందు చేరుకుని బేసీతో సంతకం పెట్టించుకున్నాడు. 24 పాటలకు 750 డాలర్లు, అమ్మకాల మీద రాయల్టీ లేదు. ఒప్పందం చూసి హామండ్ ఉగ్రులై సంగీతకారుల సంఘానికి వెళ్లారు. పారితోషికాన్ని సంఘం నిర్ణయించిన కనీస స్థాయికి పెంచగలిగారు గానీ రాయల్టీ సాధించలేకపోయారు. బ్లూస్ చరిత్రలో ఇటువంటి సంతకాలు లెక్కలేనన్ని. రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయిన గాయకులకు ఒక్కో పాటకు ఒకేసారి చేతిలో పెట్టిన సొమ్మే దక్కింది.

1937 సెప్టెంబరు 26న బెస్సీ స్మిత్ మరణించారు. మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ సమీపంలో 61వ నంబరు రహదారి మీద జరిగిన కారు ప్రమాదం అందుకు కారణం. ఆ నవంబరులో ‘డౌన్ బీట్’ పత్రికలో హామండ్ ఒక వ్యాసం రాశారు. శ్వేతజాతీయుల ఆసుపత్రి చేర్చుకోకపోవటం వల్లనే ఆమె రక్తస్రావంతో మరణించారా అన్నది అందులోని ప్రశ్న. చెవిన పడిన మాటలే దానికి ఆధారం. ఆమె స్మారక రికార్డుల సంపుటి రాబోతున్నదన్న వార్త కూడా ఆ వ్యాసంలోనే ఉంది. శీర్షికలో ప్రశ్నార్థకం ఉన్నా, పాఠకుల మనసుల్లో అది నిలవలేదు. ఆసుపత్రి గుమ్మం నుంచి తిప్పి పంపిన కథ దేశమంతా పాకింది. నాటక రచయిత ఎడ్వర్డ్ ఆల్బీ దాని మీద ఏకంగా నాటకమే రాశారు.

అసలు జరిగింది వేరు. 1972లో క్రిస్ ఆల్బర్ట్‌సన్ ఆమె జీవితచరిత్ర రాస్తూ, ప్రమాదస్థలంలో ఆమెకు ప్రథమ చికిత్స చేసిన వైద్యుడి కథనాన్ని నమోదు చేశారు. ఆమెను నేరుగా నల్లజాతీయుల ఆసుపత్రికే తీసుకువెళ్లారు. చేయి తొలగించినా ప్రాణం దక్కలేదు. తెల్లవారి ఆసుపత్రి ఆమెను తిప్పి పంపలేదు, ఎందుకంటే ఆనాటి మిసిసిపీలో నల్లజాతి రోగిని అక్కడికి తీసుకువెళ్లాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. నిజానికి కల్పిత కథ కంటే ఇదే ఎక్కువ భయంకరం. గుమ్మం దగ్గర ఎవరో ఒకరు నిరాకరిస్తే ఆ మనిషిని నిందించవచ్చు. ఎవరూ నిరాకరించనక్కరలేని వ్యవస్థలో ఎవరిని నిందించాలి? హామండ్ ప్రేమ, ఆగ్రహం రెండూ నిజాయితీ గలవే. పాత్రికేయుడు చేయవలసిన పని మాత్రం ఆయన ఆనాడు చేయలేదు.

మరుసటి ఏడాది కార్నెగీ హాలు కచేరీని ఆయన బెస్సీ స్మృతికే అంకితం చేశారు. ‘ఆధ్యాత్మిక గీతాల నుంచి స్వింగ్ వరకు’ అని దాని పేరు. వామపక్ష పత్రిక ‘న్యూ మాసెస్’ నిధులు సమకూర్చింది. సిస్టర్ రొసెట్టా థార్ప్ భక్తిగీతాలు, అంధుడైన సానీ టెర్రీ మౌతార్గాన్, బిగ్ జో టర్నర్ గానం, ముగ్గురు పియానో దిట్టల బూగీ వూగీ, చివర బేసీ బృందం. నల్లజాతి సంగీతాన్ని దాని వేళ్ల నుంచి కొమ్మల దాకా ఒకే రాత్రి చూపించటం అంతకుముందు ఆ స్థాయిలో జరగలేదు.

రాబర్ట్ జాన్సన్‌కు బదులుగా పాడటానికి బిగ్ బిల్ బ్రూన్‌జీ వచ్చారు. పొలం నుంచి నేరుగా వచ్చిన అర్కన్సా రైతుకూలీగా ఆయనను సభకు పరిచయం చేశారు. వాస్తవానికి బ్రూన్‌జీ ఏళ్ల తరబడి షికాగో నగరంలో స్థిరపడి, పదుల కొద్దీ రికార్డులు చేసిన వృత్తి గాయకుడు. బ్లూస్ అంటే కల్మషం లేని పల్లె గొంతు అన్న ఊహ హామండ్‌ది. మంచి దుస్తులు ధరించి, నగరపు అభిరుచికి తగినట్టు పాటను మలిచే మనిషికి ఆ ఊహలో చోటు లేదు. బిల్లీ హాలిడే 1939లో చెట్టుకు వేలాడుతున్న నల్లజాతి శవాల గురించిన పాట పాడటం మొదలుపెట్టినప్పుడు కూడా అది ఆయనకు రుచించలేదు. కొలంబియా రికార్డు చేయనన్న ఆ పాటను ఆమె కమొడోర్ అనే చిన్న కంపెనీకి ఇచ్చారు. ఆమె పేరు చెబితే నేటికీ ముందుగా గుర్తువచ్చేది ఆ పాటే. ఎంత గొప్ప చెవికైనా వినపడనివి కొన్ని ఉంటాయి.

యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసి, తరువాత మరికొన్ని కంపెనీలలో గడిపి, 1950ల చివర ఆయన కొలంబియాకు తిరిగివచ్చారు. డెట్రాయిట్‌కు చెందిన మతగురువు కుమార్తె అరీతా ఫ్రాంక్లిన్ గొంతులో చర్చి గానాన్ని, బ్లూస్‌ను కలిపి విన్నారు. కంపెనీ ఆమెను వేరే దారి పట్టించింది. కొన్నేళ్లకు ఆమె మరో కంపెనీకి మారిన తరువాతే ఆ గొంతు ప్రపంచానికి తెలిసింది. 1961 శరదృతువులో బాబ్ డిలన్‌తో ఒప్పందం కుదిరింది. తొలి ఆల్బమ్‌కు అయిన ఖర్చు సుమారు 400 డాలర్లు. అది సరిగా అమ్ముడుపోకపోవటంతో కంపెనీలో ఆ కుర్రవాడిని హామండ్ వెర్రి అని ఎగతాళి చేశారు.

అదే 1961లో కొలంబియా రాబర్ట్ జాన్సన్ పాత పాటలను ఎల్‌పీ రూపంలో విడుదల చేసింది. ఫ్రాంక్ డ్రిగ్స్ కూర్చిన ఆ సంకలనం వెనుక హామండ్ పట్టుదల ఉంది. విడుదలకు ముందే ఒక ప్రతిని డిలన్ చేతికి అందించిందీ ఆయనే. జాన్సన్ రికార్డు చేసిన పాటలు మొత్తం 29 మాత్రమే. టెక్సాస్‌లో రెండు విడతలుగా పాడినవి. ఆ ఎల్‌పీ అట్లాంటిక్ దాటి ఎరిక్ క్లాప్టన్, కీత్ రిచర్డ్స్ వంటి బ్రిటిష్ యువకులకు చేరింది. వారి రాక్ సంగీతం ద్వారా మళ్లీ ప్రపంచమంతటికీ, మన దేశంలోని కళాశాల హాస్టళ్ల గిటార్ల దాకా ప్రయాణించింది.

పదవీ విరమణ వయసు దాటినా చెవికి విరామం లేదు. 1972లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఆయన కార్యాలయంలో గిటారు పట్టుకుని పాడారు. 1983లో టెక్సాస్ బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ తొలి ఆల్బమ్ వెలుగు చూడటంలో ఆయన చేయి ఉంది. అప్పటికి హామండ్ వయసు 72 ఏళ్లు.

వరుస పక్షవాతపు దెబ్బల తరువాత 1987 జులై 10న న్యూయార్క్‌లో కన్నుమూశారు. కుమారుడు జాన్ పాల్ హామండ్ 1960ల నుంచీ గిటారు, మౌతార్గాన్‌లతో ఒంటరిగా పాత బ్లూస్ పాడుతూ పేరు తెచ్చుకున్నారు. తండ్రి మరణించిన కొద్ది సంవత్సరాలకు ఒక డాక్యుమెంటరీ కోసం ఆ కుమారుడు మిసిసిపీ పల్లెలు తిరిగారు. రాబర్ట్ జాన్సన్‌ను ఎరిగినవారు ఇంకా ఎవరైనా మిగిలి ఉన్నారా అని ఇల్లిల్లూ వాకబు చేశారు.